హైదరాబాద్–బెంగళూరు దారిలో ఈసారి ఆగుతూ పోవాలనుంది, ఎక్కడ ఆగాలి?

ఐదో గేరు
పదకొండేళ్లుగా ఈ రోడ్డు మీద తిరుగుతున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరడం, మధ్యాహ్నం రెండు కొట్టేసరికి బెంగళూరులో పడటం. మధ్యలో ఆగేది రెండే సార్లు, అదీ ఫుడ్ కోర్టుల్లో. ఎక్కడ ఆగినా అదే చల్లారిన వడ, అదే నీళ్ల సాంబారు, బాత్రూం ముందు అదే క్యూ. పోయిన నెల నాన్న పక్క సీట్లో కూర్చుని, "ఇంత దూరం వచ్చాం, ఒక్క ఊరైనా చూశామా రా?" అన్నారు. నిజమే. దాదాపు 570 కిలోమీటర్లలో నాకు పేర్లతో సహా తెలిసినవి టోల్‌గేట్లే.

డిసెంబర్‌లో అమ్మానాన్నలతో మళ్లీ వెళ్తున్నాను. ఈసారి రెండు రోజులు పెట్టుకున్నాను, రాత్రి మధ్యలో ఎక్కడో ఒకచోట పడుకుంటాం. నాన్నకి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. తిండి దగ్గర మాత్రం రాజీ పడరు. అమ్మకి గుడి కనిపిస్తే కారు ఆపాల్సిందే. నాకు నీడలో పార్కింగ్ దొరికితే చాలు. నెట్‌లో దొరికే "చూడదగ్గ పది ప్రదేశాలు" లిస్టులు వద్దు. మీరు వెళ్లినవి, ఇప్పటికీ గుర్తున్నవి చెప్పండి.

పాలమూరు పిల్ల
జడ్చర్ల దగ్గర పక్కకి తిరిగితే మహబూబ్‌నగర్, ఊరి పక్కనే పిల్లలమర్రి. ఒక్క చెట్టే మూడెకరాలు పరుచుకుని ఉంటది. 2017 చివర్ల పెద్ద కొమ్మ విరిగి పడ్డది, చెదలు తినేసినయి. అప్పుడు కొమ్మలకి సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించిన్రు. పేపర్ల ఫొటో చూసి మా నాయనమ్మ, "నాకంటే దాన్నే మంచిగ చూసుకుంటున్రు" అన్నది. మెట్లు ఎక్కే పని లేదు.

మైలేజ్ మామ
నాలుగింటికి బయల్దేరితే ఆ టైముకి పిల్లలమర్రి గేటు తియ్యరమ్మా.

పాలమూరు పిల్ల
రెండు రోజులున్నయి కద మామా. నిద్ర లేచినంక బయల్దేరమను.

కందనవోలు
కర్నూలు ముందు, తుంగభద్ర ఇవతలే అలంపురం. చౌరస్తా నుంచి పన్నెండు కిలోమీటర్లు అనుకోండి. అమ్మగారికి జోగులాంబ, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి. మీకు పార్కింగ్. తర్వాత ఏరు దాటి మా ఊళ్లో టిఫిన్.

మా ఊరి పేరు వెనక కథ తెలుసా? అలంపురం గుళ్లకి రాళ్లు మోసుకెళ్లే బండ్లు ఏరు దాటే ముందు ఇక్కడ ఆగి, ఇరుసులకి కందెన పూసుకునేవట. అందుకే కందెనవోలు, తర్వాత కందనవోలు, చివరికి కర్నూలు. అంటే ఈ రోడ్డు మీద మొదటి సర్వీస్ స్టేషన్ మాదే. ఆగకుండా పోయినవాళ్లు పదకొండేళ్లుగా రూల్ తప్పినట్టే.

రాతి పిచ్చి
అలంపురం గురించి కందనవోలు గారు పార్కింగ్ దగ్గరే ఆపేశారు కాబట్టి మిగతాది నేను రాస్తాను.

అక్కడి నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల నాటివి, 7–8 శతాబ్దాల పని. పేరు బ్రహ్మదే గానీ తొమ్మిదీ శివాలయాలే. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. వెళ్లగానే శిఖరాల వైపు చూడండి. మన దగ్గర గుడి అనగానే మెట్లు మెట్లుగా పైకి లేచే గోపురం గుర్తొస్తుంది కదా. ఇక్కడ అలా ఉండదు. అడుగు నుంచి వంపు తిరుగుతూ లేచి, పైన ఉసిరికాయ లాంటి గుండ్రటి రాయితో ముగుస్తుంది. భువనేశ్వర్ చూసినవాళ్లు "ఇది ఇక్కడెలా ఉంది?" అంటారు. తొమ్మిదింటిలో తారకబ్రహ్మ ఒక్కటే దక్షిణాది పద్ధతిలో ఉంటుంది. ఏది వేరుగా ఉందో పట్టుకోమని మా అబ్బాయికి పందెం పెట్టాను, పది నిమిషాల్లో పట్టేశాడు. నాకు మొదటిసారి వెళ్లినప్పుడు గంట పట్టింది, అదీ బోర్డు చదివాక.

స్వర్గబ్రహ్మ గుడి చుట్టూ ఒక ప్రదక్షిణం మెల్లగా చేయండి. గోడల మీద శిల్పం బాగా నిలిచింది. ఎక్కువమంది జోగులాంబ దర్శనం, బాలబ్రహ్మలో అభిషేకం చేయించుకుని బయటపడతారు. మిగతా గుళ్ల దగ్గర మనమూ, పిచ్చుకలూ తప్ప ఎవరూ ఉండరు. జోగులాంబ పాత గుడి ఎప్పుడో మధ్యయుగంలోనే ధ్వంసమైంది, విగ్రహాన్ని బాలబ్రహ్మలో ఉంచి శతాబ్దాల పాటు అక్కడే కొలిచారు. ఇప్పుడున్న గుడి 2005లో కట్టింది.

అక్కడికి దగ్గర్లోనే పాపనాశి గుళ్లు. శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మునిగిపోతాయని రాయి రాయికీ నంబరు వేసి, విప్పదీసి, తెచ్చి మళ్లీ పేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్నీ అలాగే తెచ్చారు. మనం ఇల్లు మారితేనే మిక్సీ మూత కనిపించదు.

గోదారి గట్టు
రాతి పిచ్చి గారూ, మిక్సీ మూత మాట నిజం. కందనవోలు గారూ, టిఫిన్ అన్నారు, ఏం టిఫినో చెప్పలేదు.

కందనవోలు
ఉగ్గాని, బజ్జి. ఇంకేముంటుంది.

గోదారి గట్టు
ఉగ్గాని అంటే మరమరాల తాలింపే కదా? మా వైపు మరమరాలు సాయంత్రం పిల్లలు ఏడిస్తే పెడతాం. దాన్ని పొద్దున్నే పెద్దవాళ్లు టిఫిన్ అని తింటారా?

కందనవోలు
అట్టులో ఉప్మా దూర్చి తినేవాళ్లు మమ్మల్ని అడగడమా?

సీమ బిడ్డ
అది వగ్గాణి. ఉగ్గాని కాదు.

కందనవోలు
అనంతపురం వాళ్లు వచ్చేశారు. అన్నా, పేరు ఏదైతేనేం, బొరుగులు నానబెట్టి పిండేది ఒకటే కదా.

సీమ బిడ్డ
పిండేదాంట్లోనే ఉంది తేడా. మీరు గట్టిగా పిండుతారు, అందుకే పొడిపొడిగా ఉంటుంది. మా దగ్గర తడి కొంచెం ఉంచి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పొడి తడికి అంటుకోవాలి. ఐదో గేరు గారూ, హోటల్ పేరు అడక్కండి. పొద్దున ఏడింటికి పెద్ద బాణలి, పక్కన బజ్జీ మూకుడు, చుట్టూ నిలబడి తింటున్న ఆటోవాళ్లు కనిపిస్తే అక్కడే ఆపండి. తొమ్మిదిన్నర దాటితే అడుగున మిగిలిందే.

మోడరేటర్
ఉగ్గాని/వగ్గాణి స్పెల్లింగ్ గొడవకి ఇప్పటికే 214 పోస్టుల థ్రెడ్ ఉంది. అక్కడ కొట్టుకోండి.

నీటిమీద రాత
కర్నూలు వైపు వెళ్తుంటే సంగమేశ్వరం ఎవరూ చెప్పలేదేం? ఏడు నదులు కలిసే చోటు, శ్రీశైలం జలాశయం వెనక నీళ్లలో. ఏడాదిలో ఎక్కువ భాగం గుడి నీళ్లలోనే ఉంటుంది, మట్టం తగ్గాకే బయటపడుతుంది. లోపల లింగం వేపచెక్కది. నేను ఓ ఎండాకాలం వెళ్లాను. గోడల మీద మనిషెత్తు కంటే పైదాకా బురద చార ఉంది. పూజారి గారు ముందు చీపురు పట్టుకుని ఒండ్రు తీసి, తర్వాత హారతి ఇచ్చారు. నేను చూసిన గుళ్లన్నిట్లో అదొక్కటే కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది.

మైలేజ్ మామ
బాగుంది కానీ ఆయన వెళ్లేది డిసెంబర్‌లో. అప్పుడు చేపలకే దర్శనం.

నీటిమీద రాత
అదీ నిజమే. మళ్లీ ఎండాకాలానికి రాసుకోండి.

బెలుం భక్తుడు
బెలుం గుహలు తప్పకుండా చూడండి. మూడు కిలోమీటర్ల పైన పొడవు, అందులో కిలోమీటరున్నర దాకా మనం నడవచ్చు. చివర పాతాళగంగ, నేల కింద పారే నీళ్లు!

అనంత అక్క
భక్తుడూ, పోస్టు చదివావా? మోకాళ్ల నొప్పులున్నాయన్నారు. లోపల ఉక్క, దిగాలి, ఎక్కాలి, కొన్నిచోట్ల వంగి నడవాలి. పోయినేడు మా ఆయన సగం దారిలో చొక్కా విప్పి చేతిలో పట్టుకున్నారు. గుత్తి కోట కూడా అంతే, రోడ్డు నుంచి కొండ మీద ఎంత బాగా కనిపిస్తుందో ఎక్కడం అంత కష్టం. పెద్దాయనకి కింద నుంచే చూపించండి.

గుత్తిలో కొండ కింద ఇంగ్లీషు వాళ్ల పాత సమాధుల తోట ఉంది. దత్తమండలాల కలెక్టరుగా చేసిన థామస్ మన్రో 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోతే మొదట పూడ్చింది గుత్తిలోనే, తర్వాత మద్రాసు తీసుకెళ్లారు. తిరుమలలో నైవేద్యానికి మన్రో గంగాళం అంటారే, ఆ మన్రోనే.

నా మాట వింటే గుత్తి నుంచి తాడిపత్రి వెళ్లండి.

మైలేజ్ మామ
గుత్తి నుంచి తాడిపత్రి యాభై కిలోమీటర్లు, అక్కడి నుంచి అనంతపురం ఇంకో యాభై పైనే. హైవే మీద నేరుగా పోతే గంటలో అనంతపురం. రెండు గుళ్ల కోసం పెద్దవాళ్లని అంత తిప్పడం అవసరమా? లేపక్షి ఎలాగూ చూస్తారు, అదీ విజయనగరం పనే.

అనంత అక్క
మామా, అందరూ ఇలా అంటారనే తాడిపత్రి ఖాళీగా ఉంటుంది. పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి. లింగం దగ్గర ఎప్పుడూ నీరు ఊరుతుంది, అందుకే బుగ్గ. దాని గోపురాలు సగంలో ఆగిపోయాయి, పైన కట్టడం లేదు. కానీ కట్టినంత మేర రాతిలో జానెడు ఖాళీ ఉంచలేదు. ఊళ్లో చింతల వెంకటరమణ గుడి కూడా ఉంది, గరుత్మంతుడి మందిరం రాతి రథంలా చెక్కారు. హంపి రథం చూడ్డానికి జనం ఎంత దూరం పోతారు! ఇది చూడ్డానికి ఎవరూ రారు.

డల్లాస్ దారి
లేపక్షి గురించి ఎవరైనా ముందే నిజం చెబితే బాగుండేది అనుకున్నవాణ్ని నేను. ఇండియా వచ్చిన ఐదు రోజుల్లో ఒక రోజు దానికి పెట్టాను. ఆదివారం. వేలాడే స్తంభం దగ్గర తువ్వాలు ఈ పక్క నుంచి ఆ పక్కకి లాగడానికి జాతరలా జనం. మా వంతు వచ్చేసరికి ముందున్న వాళ్ల తువ్వాలు ఇరుక్కుంది! స్తంభం ఓ మూల నేలకి తగిలే ఉంది మరి. ఇదా వేలాడటం? ఓవర్ హైప్.

రాతి పిచ్చి
డల్లాస్ గారూ, డెబ్బై దాకా స్తంభాలున్న మండపంలో ఒక్కదాని కిందికే చూసి వచ్చారు. తల పైకెత్తలేదా?

లేపక్షి అంటే నాకు పైకప్పే. 1530ల్లో, అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండ ఖజానా చూసిన విరూపణ్ణ, ఆయన తమ్ముడు కట్టించారు. పైకప్పు మీద పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, పంది వేట. రంగులు చాలావరకు పోయాయి గానీ నల్లటి గీత ఇంకా గట్టిగా ఉంది. ఆడవాళ్ల చీరల డిజైన్లు చూడండి, ఒక చీర ఇంకో చీరలా ఉండదు. బయట అసంపూర్తి కల్యాణ మండపం, పక్కన లతా మండపం, దాని స్తంభాల మీది తీగల డిజైన్లే తర్వాత చీరల అంచుల్లోకి వచ్చాయి. స్తంభం సంగతంటారా, అందులో కొంత భాగం నేలకి తగిలే ఉంటుంది. ఇంగ్లీషు ఇంజినీరు ఒకాయన కదిలించబోతే అలా జరిగిందని గైడ్లు చెబుతారు. మొత్తం గాల్లో ఉండాలనుకుంటే మ్యాజిక్ షోకి వెళ్లాలి.

డల్లాస్ దారి
మెడ నొప్పి ఉండి పైకి చూడలేదు. సరే, ఈసారి వచ్చినప్పుడు.

సీమ బిడ్డ
లేపక్షిలో ఏడు పడగల నాగలింగం ఉంది కదా, శిల్పుల తల్లి మధ్యాహ్నం వంట ముగించేలోపు చెక్కేశారని కథ.

గోదారి గట్టు
ఏం వండిందో? సంగటి అయితే ఇంతలో అయిపోతుంది, అంత పెద్ద పాము కుదరదు.

సీమ బిడ్డ
ఓళిగలు అనుకో. పూర్ణం రుబ్బి, ఒక్కొక్కటీ తట్టి కాల్చేసరికి ఏడు పడగలేం ఖర్మ, పద్నాలుగు అయిపోతాయి.

బెంగళూరు బావ
లేపక్షి ఆదివారం వద్దు, మా బెంగళూరు మొత్తం అక్కడే ఉంటుంది. మామూలు రోజు వెళ్లండి. నంది గుడి బయటే, విడిగా ఉంటుంది, ఒకే రాయి, ఎనిమిది మీటర్ల పొడవు. మెట్లు ఎక్కే పని లేదు. దారిలో పెనుకొండలో గగన్ మహల్ కూడా. 1565 యుద్ధం తర్వాత రాజధాని అక్కడికే మారింది. ఇప్పుడు పెనుకొండ అంటే అందరూ కార్ల ఫ్యాక్టరీయే అంటారు.

అనంత అక్క
ఒక హెచ్చరిక. అనంతపురంలో రాత్రి ఉంటే పొద్దున ధర్మవరం దారి పట్టకండి, అమ్మగారికి పట్టుచీరల మగ్గాలు కనిపిస్తాయి. పట్టినా నిమ్మలకుంట వెళ్లి రండి. తోలుబొమ్మలు చేసే ఊరు, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలు మీద బొమ్మలేసిన లాంప్ షేడ్ కొన్నాను, మా హాల్లో రాత్రి హనుమంతుడు గోడంతా నిండిపోతాడు.

ఐదో గేరు
అందరికీ థాంక్స్. అలంపురం, కర్నూలు, తాడిపత్రి, అనంతపురంలో రాత్రి, లేపక్షి. మామ తిట్టకూడదు.

మైలేజ్ మామ
తిట్టను. డీజిల్ నీది.

ఐదో గేరు
వెళ్లొచ్చాం. మూడు వారాలైంది, ఆఫీసు వల్ల ఇప్పుడు రాస్తున్నా.

పిల్లలమర్రి కుదరలేదు, క్షమించాలి పాలమూరు పిల్ల గారూ. అలంపురం తొమ్మిదిన్నరకి చేరాం. మొదటి తప్పు అక్కడే. దర్శనం అయ్యేదాకా అమ్మ ఏమీ తినదు, ఆవిడ తినకపోతే నాన్న తినరు, కానీ గంటకోసారి టైమ్ చెబుతూ ఉంటారు. అమ్మ జోగులాంబ దర్శనానికి వెళ్తే నాన్న అరుగు మీద కూర్చున్నారు. రాతి పిచ్చి గారి పందెం ఆయనకి పెట్టాను. కూర్చున్నచోటి నుంచే కనిపించినన్ని శిఖరాలు చూసి, "వేరేది ఇటు లేదు, అటువైపు ఉండి ఉంటుంది, నువ్వెళ్లి చూసి రా" అన్నారు. వెళ్లాను. ఉంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఆడిట్ ఇలాగే చేసేవారేమో.

కర్నూలు చేరేసరికి పదకొండున్నర. ఉగ్గాని అడుగంటింది. నాన్న మొహం చూసి బండాయన మళ్లీ నానబెట్టి చేసిచ్చాడు, బజ్జీలు వేడివేడిగా వేశాడు. ఇది పొడిగానే ఉంది సీమ బిడ్డ గారూ. తేడా నాకు తెలీదు, నాన్న మాత్రం "తడి ఉండాలి" అన్నారు. ఈ థ్రెడ్ ఆయన చదవలేదు, ఒట్టు.

తాడిపత్రికి రెండున్నరకి చేరితే బుగ్గ గుడి మూసి ఉంది. నాలుగింటికి తీస్తారట. మామ గుర్తొచ్చారు. మధ్యాహ్నం ఎండలో కారులో కూర్చోలేం, నాన్నకి మళ్లీ ఆకలి. పంక్చర్ షాపతన్ని భోజనం ఎక్కడ అని అడిగితే సందు చూపించాడు. బోర్డు లేదు. ఇంటి ముందు వసారా, రెండు బల్లలు, గోడకి క్యాలెండరు. పెద్దావిడ "అన్నం అయిపాయ, రొట్టెలుండాయి" అంది. జొన్నరొట్టె, గుత్తొంకాయ, ఊరిబిండి, గిన్నెడు పెరుగు. నాన్నని చూసి "పెద్దాయనా, బల్ల మీద కాళ్లు పట్టవులే" అని లోపల్నుంచి చెయ్యి ఉన్న కుర్చీ తెచ్చి వేసింది. ఆవిడ పొయ్యి దగ్గర తట్టుతున్న చప్పుడు వింటూ ఆయన తింటున్నారు, ఒక్కొక్కటే వస్తోంది. గంట అలా కూర్చున్నాం. లెక్క అడిగితే, "నేను లెక్క పెట్టలేదు నాయనా, మీరే చెప్పండి" అంది. నాన్న "నేను నాలుగు" అన్నారు. నేను చూసినంత వరకు ఐదు. అమ్మ ఏమీ అనలేదు. నేను డబ్బులు కాస్త ఎక్కువే పెట్టి వచ్చాను.

నాలుగింటికి గుడి తీశారు. అక్క చెప్పింది నిజం, ఆ గోపురాల ముందు నేను, ఇంకో జంట, అంతే. ఎండ పక్క నుంచి పడి ప్రతి చిన్న బొమ్మకీ నీడ వచ్చింది. మధ్యాహ్నం తెరిచి ఉంటే చూసి పది నిమిషాల్లో బయటపడేవాళ్లం.

లేపక్షి మంగళవారం, జనం తక్కువ. నాన్న నంది దగ్గరే చెట్టు కింద కూర్చుండిపోయారు. అమ్మ స్తంభం కింద కొంగు లాగింది, ఇరుక్కోలేదు. పైకప్పు చూశాను. గొలుసుకట్టు పువ్వుల చీర ఒకటి అమ్మకి తెగ నచ్చింది. దాని ఫలితం ఏంటంటే, ధర్మవరం వద్దన్న అక్క మాట వినకపోవడమే మంచిదైంది, అప్పటికే రెండు కొనేసింది కాబట్టి మూడోది అడగలేదు.

అనంత అక్క
వినకపోవడానికే కదా హెచ్చరిక పెట్టింది.

గోదారి గట్టు
ఆ రొట్టెల వసారా ఎక్కడ? పేరు?

ఐదో గేరు
పేరు లేదండీ. గుడి నుంచి ఊళ్లోకి వస్తుంటే పంక్చర్ షాపు, దాని పక్క సందు, నీలం తలుపు.

మైలేజ్ మామ
పోయిన శనివారం అటు వెళ్లాను. నా డీజిలే. నీలం తలుపు దొరికింది, మీ థ్రెడ్ సంగతి చెప్పాను. "కొడుకుతో వచ్చిన పెద్దాయనేనా? ఆరు తిని నాలుగన్నాడు" అంది.

ఐదో గేరు
మామా, ఈ పోస్టు నాన్న కంట పడకముందే తీసెయ్యండి.

మోడరేటర్
తీసెయ్యం.